నాచారంలో పిజ్జా, ఎనిమిది రోజుల అప్పు

మా నాచారం మెయిన్ రోడ్డు మీద, హబ్సిగూడ నుంచి మల్లాపూర్ పోయే దారిలో, కొత్తగా ఓ పిజ్జా హోటల్ పెట్టారు. పెద్ద కంపెనీ వాళ్ళది కాదు, లోకల్. పేరు రాస్తే ప్రకటన అనుకుంటారు, అందుకని రాయను. ఆ చోట ఇంతకు ముందు ఓ మొబైల్ షాపు, దానికి ముందు కర్రీ పాయింటు ఉండేవి. రెండూ ఏడాది తిరక్కుండానే మూతపడ్డాయి. "ఇది మూడోది" అని నేను వెటకారం చేశాను కూడా. మావాడు ఊరుకోడు కదా! మొన్న ఆదివారం సాయంత్రం లాక్కెళ్ళాడు. మా బాపును కూడా బలవంతం చేసి తీసుకెళ్ళాం.

ఆరు టేబుళ్ళు, ఒక కరెంటు ఓవెన్, గోడ మీద ఈఫిల్ టవర్ బొమ్మ (పిజ్జాకీ దానికీ సంబంధమేమిటో నన్నడక్కండి). మెనూలో ఒక ఆఫరు: ఒక 12 అంగుళాల పిజ్జా ధరకే రెండు 8 అంగుళాలవి. మా ఆవిడ రెండు వస్తాయని సంబరపడింది. నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. 8 అంగుళాలదాని వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు, రెండైతే 100. పన్నెండుది ఒక్కటే 113. కాబట్టి ఒక్కటే లాభం! ఇంత లెక్క చెప్పాక మా ఆవిడ నావైపు చూసిన చూపు పెళ్ళయిన వాళ్ళందరికీ తెలిసిందే.

పిజ్జా వచ్చింది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిరా ఇది, సర్వప్ప లెక్కనే ఉన్నది గదా" అన్నాడు.

నవ్వాను గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన పెద్ద తప్పేమీ అనలేదనిపించింది. పిండిని పల్చగా ఒత్తి, పైన దొరికిందేదో వేసి కాల్చుకోవడం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. మనకి సర్వపిండి ఉన్నట్టే మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్నవాళ్ళకీ వాళ్ళ రొట్టెలున్నాయి. ఇటలీలోని గయేటా ఊరికి సంబంధించిన క్రీ.శ. 997 నాటి ఒక లాటిన్ పత్రంలో 'పిజ్జా' అన్న మాట కనిపిస్తుంది. అప్పటికి దాని మీద టమాటా లేదు. ఎలా ఉంటుంది? టమాటా పుట్టిల్లు అమెరికా ఖండం, యూరప్‌కి వచ్చింది 16వ శతాబ్దంలో. మన మిరపకాయదీ అదే పుట్టిల్లు, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో ఇక్కడికొచ్చింది. "పిజ్జా మన తిండి కాదు" అని మిర్చి బజ్జీ తింటూ వాదించే మిత్రులు ఈ సంగతి గమనించగలరు.

అసలు నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. మనకి పిజ్జా అంటే ఏసీ, టిష్యూ పేపర్లు, పుట్టినరోజు పార్టీ. నేపుల్స్‌లో అది కూలోళ్ళ తిండి. 18, 19 శతాబ్దాల్లో అక్కడ వంటగది కూడా లేని ఒంటి గదుల్లో బతికే జనం రోడ్డు మీద కొనుక్కుని, మడిచి, నడుస్తూ తినేవాళ్ళు. టెలిగ్రాఫ్‌తో పేరు తెచ్చుకున్న శామ్యూల్ మోర్స్ నేపుల్స్ వెళ్ళి, పిజ్జా చూసి, మురుగులోంచి తీసినట్టుందన్న అర్థం వచ్చేట్టు అసహ్యించుకుంటూ రాసుకున్నాడు. తీగల మీద వార్తలు పంపించిన మహానుభావుడికి, ముందు ముందు ఆ వార్తల్లో సగం పిజ్జా ఆర్డర్లే ఉంటాయని తెలియదు పాపం!

ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా కూడా 1840ల్లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో నేపుల్స్ పేదల పిజ్జా గురించి రాశాడు. అందులో 'ఆ ఒత్తో' అన్న పిజ్జా ప్రస్తావన ఉంది. ఒత్తో అంటే ఎనిమిది. అది వారం క్రితం కాల్చిన పాత పిజ్జా అనుకున్నాడాయన. నిజానికి 'ఆ ఒత్తో' అంటే ఇవాళ తిని ఎనిమిది రోజుల తర్వాత డబ్బులివ్వడం. అంటే ఖాతా! 1954లో వచ్చిన ఒక ఇటాలియన్ సినిమాలో సోఫియా లోరెన్ ఇలాగే అప్పు మీద పిజ్జాలు అమ్ముతూ కనిపిస్తుంది.

మరి 1889లో మార్గెరీటా రాణి కోసం రఫాయెలె ఎస్పొజీతో జెండా రంగుల పిజ్జా చేశాడన్న కథ? టమాటా ఎరుపు, చీజ్ తెలుపు, తులసి జాతి ఆకు ఆకుపచ్చ. కథ బాగుంటుంది. కానీ దానికి సాక్ష్యంగా చూపించే రాజప్రాసాదం ఉత్తరం మీది ముద్ర, చేతిరాత సరిపోలడం లేదని 2014లో ఒక పరిశోధకుడు చూపించాడు. రాణిగారు మెచ్చుకుంటే గానీ పేదవాడి తిండికి గౌరవం రాదనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న జబ్బే.

తర్వాత వలస కూలీలతో పాటు పిజ్జా అమెరికా చేరింది. 1958లో కాన్సస్‌లోని విచిటాలో ఇద్దరు అన్నదమ్ములు పిజ్జా హట్ పెట్టారు. 1960లో మిషిగన్‌లో మరో ఇద్దరు అన్నదమ్ములు ఓ చిన్న కొట్టు కొన్నారు, అదే తర్వాత డామినోస్ అయ్యింది. అందులో ఒకాయన కొద్ది నెలలకే ఓ పాత ఫోక్స్‌వ్యాగన్ కారు తీసుకుని తన సగం వాటా తమ్ముడికో అన్నకో అన్నట్టు వదిలేసుకున్నాడు (స్టార్టప్ షేర్లు తొందరపడి అమ్ముకున్న మిత్రులు ఊరట పొందండి). 1991 సంస్కరణల తర్వాత, 1996లో డామినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో మొదలయ్యాయి. అలా కూలోళ్ళ తిండి సముద్రాలు దాటి మన దగ్గరికొచ్చేసరికి డబ్బున్నోళ్ళ తిండి అయి కూర్చుంది. నా మొదటి జీతంతో నేను చేసిన మొదటి ఘనకార్యం దోస్తులకి పిజ్జా ఇప్పించడమే. బిల్లు చూసి కళ్ళు తిరిగాయి, అది వేరే సంగతి.

ఈ 'ఆ ఒత్తో' సంగతి బాపుకి చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

ఉప్పల్ అంటే ఇప్పుడు అందరికీ 2005లో మొదటి వన్డే జరిగిన స్టేడియం, 2017లో వచ్చిన మెట్రో గుర్తొస్తాయి. మా వరంగల్ రోడ్డు వాళ్ళకి మాత్రం ఉప్పల్ అంటే పట్నం దర్వాజా. బస్సు దిగి, ఐడీఏ ఉప్పల్‌లోనో నాచారంలోనో మల్లాపూర్‌లోనో పని దొరికితే అక్కడే ఆగిపోయేవాళ్ళు. బాపు కూడా అలాగే నాచారంలో ఓ ఫ్యాక్టరీలో టర్నర్‌గా చేరాడు. గేటు ఎదురుగా ఒక చాయ్ హోటల్. పొద్దున షిఫ్టుకి రెండు బన్నులు, చాయ్. ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు ఓనరు, ఏడో తారీఖు జీతం రాగానే కట్టేవాళ్ళు. 1994లో ఫ్యాక్టరీ లాకౌట్ అయ్యింది. మూడు నెలలు తెరుస్తారు తెరుస్తారు అని గేటు ముందే కూర్చున్నారు. ఆ మూడు నెలలూ ఆ హోటలాయన చాయ్ ఆపలేదు, రాసుకుంటూనే పోయాడు. ఫ్యాక్టరీ తెరవలేదు. హోటలే మూతబడింది.

"నావి నూట పద్దెనిమిది రూపాయలు ఉండె బాకీ" అన్నాడు బాపు. "రెండేండ్లకు పైసలు పట్టుకొని పోతే ఆడ ఎవ్వలు లేరు."

ముప్పై ఏళ్ళు దాటింది. ఆ అంకె ఆయనకి ఇంకా గుర్తుంది. మా ఇంట్లో ఎవ్వరికీ ఇన్నాళ్ళూ తెలియదు.

తర్వాతి వారం నేను ఒక్కడినే మళ్ళీ వెళ్ళాను, ఈసారి వెటకారం లేకుండా. ఓనరు పాతికేళ్ళ పిల్లాడు. ఓ పెద్ద చెయిన్‌లో ఆరేళ్ళు పిండి పిసికి, చిట్టీ పాడుకుని ఇది పెట్టుకున్నాడట. "పాలతో చేసిన చీజే వేస్తున్నన్నా, నూనె చీజ్ కాదు" అన్నాడు. పామాయిల్‌తో చేసే అనలాగ్ చీజ్ చవక. దాన్ని చీజ్ అని చెప్పి అమ్మకూడదని నిబంధన ఉంది గానీ, తినేవాడికి కరిగాక తేడా తెలియదు. ఇతను అసలుది వేస్తే మిగిలేది తక్కువ. పైగా యాప్‌లో ఆర్డరు వస్తే వాళ్ళ కమీషన్ పోను ఇంకా తక్కువ. "డైరెక్టుగ వస్తే మంచిగుంటదన్నా" అన్నాడు మొహమాటపడుతూ.

రుచి సంగతి చెప్పలేదు కదూ. అంచు కాస్త గట్టిగా ఉంది, సాస్ తియ్యదనం ఎక్కువ. నేపుల్స్ వాళ్ళ నియమాల ప్రకారం కట్టెల పొయ్యిలో 485 డిగ్రీల దగ్గర 60 నుంచి 90 సెకన్లలో కాలాలి. ఇక్కడ పది నిమిషాలు పట్టింది. స్పెక్ ప్రకారం చూస్తే ఫెయిల్. కానీ కంపెనీ షిఫ్టు దిగిన ఇద్దరు కుర్రాళ్ళు పక్క టేబుల్ దగ్గర ఒక చిన్న పిజ్జా సగం సగం పంచుకుని తింటున్నారు. రెండు వందల ఏళ్ళ తర్వాత పిజ్జా దాని సొంత మనుషుల దగ్గరికి తిరిగొచ్చింది అనిపించింది నాకు.

మన రాయదుర్గం, మాదాపూర్ వైపు ఒకటి మూతబడితే పది తెరుచుకుంటాయి. నాచారంలో అలా కాదు. ఇక్కడ హోటల్ పెట్టినవాడి వెనక చిట్టీ ఉంటుంది, చిట్టీ వెనక అమ్మ పుస్తెలతాడు ఉంటుంది. అందుకని నేను ఒక చిన్న నిర్ణయం తీసుకున్నాను. ఆర్డరు నొక్కడం మానేసి, ఆ రెండు సందులూ నడిచి వెళ్ళి తెచ్చుకోవడం. గొప్ప త్యాగం ఏమీ కాదు, డాక్టరు ఎలాగూ నడవమన్నాడు.

నిన్న బాపు కూడా వచ్చాడు. బిల్లు నేను తీసేలోపే జేబులోంచి నోట్లు తీసి ఆ పిల్లాడి చేతిలో పెట్టి, "ఎవ్వలకు ఖాతా పెట్టకు బిడ్డా" అన్నాడు. చిల్లర తీసుకోలేదు.