రోబో సాయంతో మోకీలు మార్పిడి: చరిత్ర

అరిగిపోయిన మోకీలు తీసి లోహం, ప్లాస్టిక్ భాగాలు అమర్చే శస్త్రచికిత్సలో ఎముకను ఎక్కడ, ఏ కోణంలో, ఎంత మందాన కొయ్యాలో కంప్యూటర్‌తో లెక్కగట్టి, ఆ కోతను యాంత్రిక చేయి సాయంతో పూర్తిచేసే పద్ధతిని రోబోటిక్ మోకీలు మార్పిడి అంటారు. పేరు విని యంత్రమే ఆపరేషన్ చేసేస్తుందనుకునేవాళ్లు చాలామంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న యంత్రాలు అలా చేయవు. మోకాలు తెరిచేదీ, కుట్లు వేసేదీ సర్జనే. యంత్రం చేసేదల్లా ఎముక కోత లెక్క తప్పకుండా చూడటం. తొలితరం రోబోలు మాత్రం నిజంగానే తమంతట తాము ఎముకను చెక్కేవి. ఎంత పని యంత్రానికి వదలాలి, ఎంత సర్జన్ చేతిలో ఉంచాలి అన్న తర్జనభర్జనే నాలుగు దశాబ్దాల ఈ చరిత్రను నడిపించింది.

కృత్రిమ కీలు ముందు, రోబో తర్వాత

1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లూక్ అనే సర్జన్ క్షయతో పాడైన మోకీలు తీసేసి ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. ఇన్ఫెక్షన్ల వల్ల ఆ ప్రయత్నాలు నిలవలేదు. 1950ల్లో తలుపు బందుల్లా ఒకే వైపు మడత పడే లోహపు కీళ్లు వచ్చాయి. మోకీలు మడత పడుతూనే కొంత దొర్లుతుంది, కొంత జారుతుంది. ఆ సహజమైన కదలికను 1960ల చివర్లో అందుకోవాలని చూసినవాడు కెనడాకు చెందిన ఫ్రాంక్ గన్‌స్టన్. ఇంగ్లండ్‌లో సర్జన్ జాన్ చార్న్‌లీ దగ్గర పనిచేస్తూ ఆయన కొత్త నమూనా తయారుచేశాడు.

ఇప్పటి కీళ్లకు మూలరూపం 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో పుట్టిన ‘టోటల్ కాండిలార్’ నమూనా. దాన్ని రూపొందించిన బృందంలో జాన్ ఇన్సాల్, పీటర్ వాకర్‌లతో పాటు మధ్యప్రదేశ్‌లో పుట్టిన చిత్తరంజన్ రణావత్ కూడా ఉన్నారు. 2000 అక్టోబరులో ముంబయి బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో ప్రధాని వాజ్‌పేయి ఎడమ మోకాలికి ఆపరేషన్ చేసింది ఆయనే. మరుసటి ఏడాది కుడి మోకాలికీ చేశారు. ఆ వార్తలతో మన దేశంలో మోకీళ్ల మార్పిడి మామూలు ఇళ్లలోనూ మాట్లాడుకునే విషయమైంది.

కీలు నమూనాలు మెరుగుపడ్డా ఒక చిక్కు మిగిలే ఉంది. తుంటి కీలు నడిమధ్య నుంచి చీలమండ నడిమధ్యకు గీసిన గీత మోకాలి మధ్యగా పోవాలి. మూడు డిగ్రీలకు మించి అటూఇటూ కాకూడదన్నది చాలాకాలం సర్జన్లు పాటించిన లెక్క. దానికోసం తొడ ఎముక లోపలికి కడ్డీ దించి, దానికి కోత చట్రం బిగించి రంపం నడిపేవారు. మిగతాది కంటి అంచనా, చేతి అనుభవం. మంచి చేయి తిరిగిన సర్జన్ విషయంలోనూ కొన్ని మోకాళ్లు ఆ హద్దు దాటేవి.

శాక్రమెంటో కుక్కలు

ఎముకల శస్త్రచికిత్సలోకి రోబో 1983లోనే వచ్చింది. కెనడాలోని వాంకూవర్‌లో ఆర్థ్రోబాట్ అనే యంత్రం ఆపరేషన్ సమయంలో రోగి కాలిని కావలసిన భంగిమలో పట్టుకునేది. ఎముకను కొయ్యడం దాని పని కాదు.

కోసే రోబో కాలిఫోర్నియాలో, అదీ ముందు తుంటి కోసం తయారైంది. పశువైద్యుడు హ్యాప్ పాల్, ఎముకల సర్జన్ విలియం బార్గర్ ఐబీఎం పరిశోధకులతో కలిసి 1980ల రెండో సగంలో రోబోడాక్‌కు రూపమిచ్చారు. సిమెంటు లేకుండా బిగించే తుంటి కీలు తొడ ఎముకలో సందు లేకుండా కూర్చోవాలి. చేత్తో తొలిచిన రంధ్రంలో అంత పొందిక కుదరడం లేదు. 1990లో తుంటి జబ్బు ఉన్న పెంపుడు కుక్కల మీద ఈ యంత్రాన్ని పరీక్షించారు. 1992 నవంబరులో శాక్రమెంటోలోని సట్టర్ జనరల్ ఆసుపత్రిలో తొలిసారి ఒక మనిషికి రోబోడాక్‌తో తుంటి మార్పిడి జరిగింది. కొద్ది నెలలకే, 1993లో, హ్యాప్ పాల్ లుకేమియాతో చనిపోయాడు.

అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 2008 దాకా రాలేదు. ఈలోగా యంత్రం జర్మనీ చేరింది.

జర్మనీలో వెలుగు, మసక

1990ల చివర్లో రోబోడాక్‌కు పోటీగా జర్మనీలోనే కాస్పర్ అనే రోబో తయారైంది. రెండూ పూర్తిగా స్వయంచాలకమైనవే. ఎముకను కదలకుండా యంత్రానికి బిగించాక, ముందే వేసిన ప్లాన్ ప్రకారం తిరిగే కట్టరు దాన్ని చెక్కుకుంటూ పోతుంది. సర్జన్ పక్కన నిలబడి, అవసరమైతే ఆపుతాడు. 2000 మార్చి నుంచి కాసెల్ నగరంలో కాస్పర్‌తో 70 మందికి మోకీళ్లు మార్చారు. ప్లాన్‌కూ ఫలితానికీ తేడా సగటున 0.8 డిగ్రీలు. అంతకుముందు చేత్తో చేసిన 52 మందిలో అది 2.6 డిగ్రీలు.

కొలతల్లో గెలిచినా ఈ పద్ధతికి ఇబ్బందులు ఎక్కువే. ఎముకలో గుర్తు పిన్నులు దించడానికే ముందు ఒక చిన్న ఆపరేషన్ కావాలి. అసలు ఆపరేషన్‌కూ సమయం ఎక్కువ పట్టేది. కట్టరు దారిలో కండ ఉందో లేదో యంత్రానికి తెలియదు. తుంటి రోగుల్లో కొందరు కండరాలు దెబ్బతిని కుంటుతున్నామంటూ జర్మన్ కోర్టులకు వెళ్లారు. పత్రికల్లో దుమారం రేగింది. 2000ల మధ్యకల్లా అక్కడి ఆసుపత్రులు ఆ యంత్రాలను పక్కన పెట్టేశాయి.

హద్దు గీసే రోబో

స్వయంచాలక రోబోల ఇబ్బందులకు రెండు చోట్ల విరుగుడు సిద్ధమవుతూ వచ్చింది. 1997 జనవరిలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డొమినిక్ సరగాగ్లియా కంప్యూటర్ నావిగేషన్‌తో తొలి మోకీలు మార్పిడి చేశాడు. అందులో రోబో లేదు. కెమెరా ఎముకల కదలికను గమనిస్తూ కోణాలను తెరమీద చూపించేది, కోసేది సర్జనే.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో బ్రయాన్ డేవిస్ మరో దారి పట్టాడు. ఆయన బృందం చేసిన ఆక్రోబాట్‌లో పనిముట్టును సర్జనే పట్టుకుని నడుపుతాడు. ప్లాన్ లోపల చేయి తేలిగ్గా కదులుతుంది, హద్దు దగ్గర యంత్రం ఎదురు తోస్తుంది. మోకీలులో ఒక వైపే మార్చే ఆపరేషన్ మీద సర్జన్ జస్టిన్ కాబ్ బృందం 2006లో పోలిక అధ్యయనం ప్రచురించింది. ఆక్రోబాట్‌తో చేసిన 13 మోకాళ్లూ ప్లాన్‌కు రెండు డిగ్రీల లోపే వచ్చాయి. మామూలుగా చేసిన 15లో అలా కుదిరినవి ఆరే.

అదే ఆలోచనతో ఫ్లోరిడాలో 2004లో మొదలైన మాకో సర్జికల్ దాన్ని వ్యాపారంగా నిలబెట్టింది. 2006లో ఒక వైపు మార్పిడితో ఆరంభించిన ఆ కంపెనీని 2013లో స్ట్రైకర్ సుమారు 165 కోట్ల డాలర్లకు కొనేసింది. 2015లో పూర్తి మోకీలు మార్పిడికి అనుమతి వచ్చాక మిగతా కంపెనీలూ పరుగందుకున్నాయి. చేతిలో పట్టుకునే నావియోను 2016లో స్మిత్ అండ్ నెఫ్యూ సొంతం చేసుకుంది. 2019లో జిమ్మర్ బయోమెట్ రోసాకూ, 2021లో జాన్సన్ అండ్ జాన్సన్ వెలిస్‌కూ అమెరికాలో అనుమతి దక్కింది. రోసా తాను కొయ్యదు, కోత చట్రాన్ని సరైన చోట పట్టుకుంటుంది. వీటిలో చాలావరకు తమ కంపెనీ కీళ్లకే పనికొస్తాయి. కాబట్టి ఆసుపత్రి ఏ రోబో కొందన్నదాన్ని బట్టే రోగికి ఏ కీలు పడుతుందన్నదీ తేలిపోతుంటుంది.

థియేటర్‌లో

మాకో తరహా ఆపరేషన్‌కు ముందుగా సీటీ స్కాన్ తీసి మోకాలి త్రీడీ నమూనా తయారుచేస్తారు. స్కాన్ అక్కర్లేని యంత్రాలూ ఉన్నాయి. థియేటర్‌లో తొడ ఎముకకూ, కింది కాలి ఎముకకూ పిన్నులు దించి ట్రాకర్లు బిగిస్తారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాటిమీద కన్నేసి ఉంచుతుంది. సర్జన్ రోగి కాలిని గుండ్రంగా తిప్పుతుంటే తుంటి కేంద్రం ఎక్కడుందో కంప్యూటర్ కనిపెడుతుంది. తర్వాత మొనదేలిన పరికరంతో ఎముక మీద ఒక్కో చుక్కా తాకుతూ పోతే తెరమీది నమూనా, ఎదుట ఉన్న ఎముక ఒకటిగా కలుస్తాయి.

అసలు నేర్పు ఆ తర్వాత మొదలవుతుంది. కాలిని చాపి, మడిచి, పక్కలకు ఒత్తి లిగమెంట్లు ఎంత బిగువుగా ఉన్నాయో చూస్తారు. లోపలి వైపు బిగుసుకుని, బయటి వైపు వదులుగా ఉంటే ప్లాన్‌ను కొద్ది డిగ్రీలు, కొద్ది మిల్లీమీటర్లు జరుపుతారు. ఎముకకు ఒక్క కోతా పడకముందే ఆ మార్పుతో కీలు ఎలా కుదురుతుందో తెరమీద అంకెల్లో కనిపిస్తుంది. అప్పుడే రంపం తిరుగుతుంది. హద్దు దాటబోతే ఆగిపోతుంది.

పిన్నులు దించిన చోట అరుదుగా ఎముక విరగడం ఈ పద్ధతిలో ఉండే అదనపు ముప్పు.

ఫలితాల మీద వాదం

కోత కచ్చితంగా పడుతుందన్నదాని మీద పెద్దగా పేచీ లేదు. రోగికి దానివల్ల ఒరిగేదెంత అన్న దగ్గరే భిన్నాభిప్రాయాలు. లండన్‌లో 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో రోబోతో చేయించుకున్నవారు 77 గంటలకు, మామూలుగా చేయించుకున్నవారు 105 గంటలకు ఇంటికెళ్లారు. ఇవి మధ్యస్థ విలువలు. ఒక్కో వర్గంలో ఉన్నది 40 మందే, పైగా వారిని లాటరీ పద్ధతిలో విడదీయలేదు. దక్షిణ కొరియాలో 1,400 మందికి పైగా రోగులను రోబోడాక్‌కూ, మామూలు పద్ధతికీ లాటరీతో విడదీసి సగటున 13 ఏళ్లు గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. నొప్పిలోనూ, నడకలోనూ, కీలు మన్నికలోనూ తేడా కనబడలేదు. రెండు వర్గాల్లోనూ 15 ఏళ్లకు 98 శాతం కీళ్లు నిలిచాయి. అయితే అది పాత తరం యంత్రం. లిగమెంట్ల బిగువును బట్టి ప్లాన్ మార్చుకునే కొత్త రోబోలకు ఆ తీర్పు వర్తించదన్నది వీటిని సమర్థించేవారి వాదన.

మార్పిడి చేయించుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు తృప్తి పడటం లేదని 2010లో కెనడా అధ్యయనం తేల్చింది. రోబో తయారీదారులు చూపే లక్ష్యం ఆ ఐదో మనిషే.

మన దేశంలో

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలోని కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇప్పుడు రోబోటిక్ మోకీలు మార్పిడి దొరుకుతోంది. 2024లో గుజరాత్‌లోని వాపి కేంద్రంగా పనిచేసే మెరిల్ సంస్థ మిస్సో పేరుతో స్వదేశీ రోబోను విడుదల చేసింది.

ఖర్చు లెక్క మాత్రం వేరు. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీళ్ల ధరకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలుకు పన్ను కాక రూ.54,720 మించరాదంది. ఆ పరిమితి కీలుకే గానీ, రోబో వాడినందుకు ఆసుపత్రి వేసే చార్జీకి కాదు. రోబోటిక్ శస్త్రచికిత్సలను పాలసీల నుంచి మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2019లో ఆదేశించింది. కానీ వాటికి విడిగా గరిష్ఠ మొత్తం పెట్టుకునే వెసులుబాటు కంపెనీలకు ఉండటంతో, మిగతా సొమ్ము చాలాసార్లు రోగి కుటుంబమే కట్టుకోవాల్సి వస్తోంది.