లకోటా ఆకృతులు, ఆధునిక చిత్రకళ: నైరూప్యత మూలాల ప్రశ్న

ఉత్తర అమెరికా మైదానాలకు చెందిన లకోటాల సంప్రదాయంలో చిత్రరచన స్త్రీపురుషుల మధ్య విభజితమై ఉండేది. పురుషులు తోళ్ళపై యుద్ధాలను, వేటను, గుర్రాలను రూపాత్మకంగా చిత్రించేవారు. ఏడాదికొక బొమ్మతో కాలాన్ని గుర్తుంచుకొనే ‘శీతకాల గణన’ కూడా వారిదే. 1833 నాటి ఉల్కాపాతం అనేక గణనల్లో రాలే నక్షత్రాలుగా కనిపిస్తుంది. త్రిభుజాలు, మెట్ల వరుసలతో కూడిన జ్యామితీయ ఆకృతులు స్త్రీలవి. వారు ముళ్ళపంది ముళ్ళకు రంగులద్ది, మెత్తబరచి, తోలుపై కుట్టేవారు. 19వ శతాబ్దంలో యూరప్ గాజుపూసలు ఆ ముళ్ళ స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి.

ఈ ఆకృతులకు నిఘంటువు తయారుచేయడం కుదరని పని. ఒకే ఆకృతికి స్త్రీలు ఒక అర్థాన్ని, పురుషులు యుద్ధపరమైన మరొక అర్థాన్ని చెప్పిన సంగతిని క్లార్క్ విస్లర్ 1904లోనే నమోదు చేశాడు. ‘ఈ గుర్తుకు ఇదే అర్థం’ అని తేల్చే జనరంజక రచనలు దీనిని పట్టించుకోవు.

మ్యూజియంలు ఈ పూసపనిని చాలాకాలం మానవశాస్త్ర సామగ్రిగానో హస్తకళగానో చూశాయి. కళగా గుర్తింపు లభించిన చోట మరొక చిక్కు ఎదురైంది. లకోటాలకు సోదర శాఖయైన యాంక్టనై డకోటా చిత్రకారుడు ఆస్కర్ హౌ (1915–1983) పంపిన చిత్రాన్ని 1958లో టల్సాలోని ఫిల్‌బ్రూక్ కళాకేంద్రపు నిర్ణేతలు సంప్రదాయ ఇండియన్ శైలిలో లేదని తిరస్కరించారు. హౌ ఘాటైన ఉత్తరంతో నిరసన తెలిపాడు. తన చిత్రాలను క్యూబిజంతో ముడిపెట్టిన విమర్శకులకు ఆయన డకోటా సంప్రదాయంలోని సాలెగూటి ఆకృతిని మూలంగా చూపాడు. ఇక్కడొక విడ్డూరం గమనించాలి. నిర్ణేతలు సంప్రదాయమని భావించిన ఆ చదునైన శైలికి రూపమిచ్చిన వాటిలో 1932లో శాంటా ఫే ప్రభుత్వ పాఠశాలలో డొరొతీ డన్ నెలకొల్పిన స్టూడియో ప్రధానమైనది. హౌ స్వయంగా అక్కడి విద్యార్థి! అంటే పట్టుమని మూడు దశాబ్దాలైనా నిండని శైలి ప్రాచీనతకు కొలబద్ద అయిందన్నమాట.

సిచాంగు లకోటా చిత్రకారిణి డయానీ వైట్ హాక్ (జననం 1976) వివాదాన్ని మరొక దిశకు మళ్ళించింది. నైరూప్య చిత్రకళ న్యూయార్క్ చిత్రకారులతో మొదలైందనే చరిత్రకథనం ఆమె దృష్టిలో అసంపూర్ణం. లకోటా స్త్రీలు అంతకుముందు తరతరాలుగా చేస్తూ వచ్చినది నైరూప్య రచన కాక మరేమిటన్నది ఆమె కృతులు లేవనెత్తే ప్రశ్న. అదే న్యూయార్క్‌లో, 2022 విట్నీ ద్వైవార్షిక ప్రదర్శనలో, ఆమె ‘వోపిలా | లీనియేజ్’ను ఉంచింది. 14 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల ఆ ఫలకంపై ఐదు లక్షలకు పైగా గాజుపూసలున్నాయి. దూరం నుండి అది ఆధునిక వర్ణచిత్రంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే పూసల వరుసలు బయటపడతాయి. లకోటా భాషలో ‘వోపిలా’ అంటే గాఢమైన కృతజ్ఞత. అది ఎవరి పట్లనో శీర్షికలోని రెండవ మాట, ‘వంశక్రమం’, సూచిస్తుంది.