లైన్ క్లియర్: ఇనుప బంతి నుంచి ఈథర్నెట్ స్విచ్ దాకా

విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ పోయే రైలు దారి చాలాకాలం ఒంటి లైనే. 1931లో రాయపూర్ దాకా పూర్తయిన ఆ దారిలో వచ్చే బండికీ పోయే బండికీ ఉన్నది ఒకటే జత పట్టాలు. ఇలాంటి ఒంటి లైన్ల మీద మన రైల్వేలు ఏళ్ళ తరబడి నమ్ముకున్నది టోకెన్ పద్ధతి. స్టేషన్ మాస్టరు గదిలో ఒక పెట్టె, అందులో ఇనుప బంతులు. అవతలి స్టేషన్ ఒప్పుకుంటేనే ఒక బంతి బయటికొస్తుంది. అది బయట ఉన్నంతసేపూ రెండు స్టేషన్లలో ఏ పెట్టే ఇంకో బంతి ఇవ్వదు. ఆ బంతిని సంచీలో పెట్టి, సంచీని ఒక రింగుకు తగిలించి డ్రైవరుకు అందిస్తారు. బంతి చేతిలో ఉంటే లైన్ క్లియర్. లేదంటే బండి కదలదు.

నేను రాయబోయేది మాత్రం ఫ్యాక్టరీల ప్యానెల్ బోర్డుల్లో బిగించే ఒక చిన్న డబ్బా గురించి. దాన్ని మేనేజ్డ్ ఈథర్నెట్ స్విచ్ అంటారు. దాని చరిత్ర చదువుతుంటే నాకు మాటిమాటికీ ఆ బంతే గుర్తొచ్చింది. రెండు చోట్లా తగువు ఒకటే కదా: దారి ఒకటి, పోవాల్సినవాళ్ళు చాలామంది, ముందు ఎవరు?

1973 మే 22న కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశాడు. ఈథర్నెట్ పుట్టుక అక్కడే. ఒకటే కేబుల్, దానికి తగిలించిన చాలా కంప్యూటర్లు. మాట్లాడాలనుకున్న కంప్యూటర్ ముందు చెవి పెట్టి వినాలి. లైను నిశ్శబ్దంగా ఉంటే మాట్లాడాలి. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిస్తే రెండు మాటలూ పాడైపోతాయి. దీనికి ఇంజనీర్లు పెట్టిన పేరు కొలిజన్. అంటే ఢీకొనడం. అప్పుడు ఇద్దరూ ఆగి, చెరొక లాటరీ తీసినట్టు ఎంతోకొంత సేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆఫీసులో ఇది చక్కగా సరిపోయింది. ప్రింటరు అర సెకను ఆలస్యమైతే కొంపేం మునగదు. ఫ్యాక్టరీలో అలా కాదు. కొలిమి ఆపమన్న మాట ‘ఎప్పుడో ఒకప్పుడు’ చేరితే చాలదు, ఫలానా సమయంలోపే చేరాలి. అందుకే 1980లలో జనరల్ మోటార్స్ తన కర్మాగారాల కోసం మ్యాప్ అనే పద్ధతిని ముందుకు తోసింది. దాని అడుగున ఉన్నది టోకెన్ బస్. అనుమతి చీటీ ఒకటి యంత్రం నుంచి యంత్రానికి చేతులు మారుతూ తిరుగుతుంది. చీటీ ఉన్న యంత్రమే మాట్లాడాలి. మన స్టేషన్ మాస్టరు బంతికి తమ్ముడన్నమాట. కానీ ఆ సరంజామా ఖరీదెక్కువ, తంటాలెక్కువ. నిలబడలేదు.

తగువు తీర్చింది వేరే ఆలోచన. అందరికీ ఒకటే దారి ఎందుకుండాలి? 1990 ప్రాంతంలో ఒక అమెరికన్ కంపెనీ ఏడు పోర్టుల ఈథర్నెట్ స్విచ్ తెచ్చింది. కంపెనీ పేరు కల్పన. దాన్ని పెట్టింది భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్, ఆయన భాగస్వామి లారీ బ్లెయిర్. కల్పన అనేది భరద్వాజ్ భార్య పేరు. కథలు చదివే మనకు ఆ మాటకున్న అర్థం వేరే చెప్పక్కర్లేదు. స్విచ్ చేసేది ఇంతే: వచ్చిన ప్యాకెట్ మీద చిరునామా చదివి, ఆ పోర్టులోకే పంపుతుంది. ఒక్కో యంత్రానికి ఒక్కో దారి, ఆపైన రాకకూ పోకకూ విడివిడి దారులు. ఇక ఢీకొనడానికి తావే లేదు. 1994లో కల్పనను సిస్కో కొనేసింది. ఈథర్నెట్ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కడానికి వీలైంది.

కొత్త దారులతో కొత్త చిక్కు వచ్చింది. ఈథర్నెట్ ప్యాకెట్‌కు వయసు లేదు. ఎవరో పొరపాటున ఒక కేబుల్ రెండు చివరలూ స్విచ్‌లకే గుచ్చి దారిని గుండ్రం చేశారనుకోండి, అందరినీ ఉద్దేశించి పంపిన ప్యాకెట్ తిరుగుతూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. కాసేపట్లో నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. 1985లోనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ దీనికి విరుగుడు కనిపెట్టింది. పెట్టెలు తమలో తాము కబురాడుకుని, అదనపు దారిని మూసి ఉంచుతాయి. ఉన్న దారి తెగితే దాన్ని తెరుస్తాయి. దీని పేరు స్పానింగ్ ట్రీ.

మామూలు చవక స్విచ్‌కూ మేనేజ్డ్ స్విచ్‌కూ తేడా ఇలాంటి చోటే. మేనేజ్డ్ స్విచ్ గుండ్రాన్ని గుర్తుపడుతుంది. కెమెరాల గోల మోటార్ల మాటకు అడ్డురాకుండా విడదీస్తుంది. ఏ పోర్టు ఎప్పుడు చచ్చిందో లాగ్‌లో రాసిపెడుతుంది. గరివిడిలో ఫెర్రో అల్లాయ్ కొలిమి, పైడిభీమవరంలో మందుల రియాక్టరు లాంటివి ఊహించుకోండి. స్విచ్‌లను కావాలనే రింగులా కలిపి, ఒక దారిని మూసి ఉంచుతారు. కేబుల్‌ను ఎలక కొరికినా, గొయ్యి తవ్వే జేసీబీ తెంపినా, మూసిన దారి తెరుచుకుంటుంది. తొలినాటి స్పానింగ్ ట్రీకి ఇందుకు అర నిమిషం పైనే పట్టేది. ఈనాటి పారిశ్రామిక రింగు పద్ధతులకు మిల్లీసెకన్లు చాలు. పని ఆగదు.

పని ఆగకపోవడంలోనే ఒక ప్రమాదం కూడా ఉంది.

2023 అక్టోబర్ 29, ఆదివారం రాత్రి. విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య ముందు వెళుతున్న పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది చనిపోయారు. అక్కడ బంతి లేదు, ఆటోమేటిక్ సిగ్నళ్ళు ఉన్నాయి. రెండు స్టేషన్ల మధ్య దారిని ముక్కలు చేసి, ఒకదాని వెనక ఒకటి బళ్ళను పంపే ఏర్పాటు అది. అలాంటి సిగ్నల్ పాడైతే ఒక నిబంధన ఉంది: రాత్రిపూట అక్కడ 2 నిమిషాలు ఆగాలి, తర్వాత గంటకు 10 కిలోమీటర్లు దాటకుండా పోవాలి. రాయగడ బండి పాడైన రెండు సిగ్నళ్ళను ఈ నిబంధన పాటించకుండా దాటిందని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఆ ఇంజన్లో ఉన్న ఇద్దరూ తమ మాట చెప్పడానికి మిగల్లేదు. బండిని తనంతట తానే ఆపగల కవచ్ ఆ మార్గంలో అప్పటికి లేదు.

ఎవరిది తప్పు అనే తీర్పు నాది కాదు. నన్ను పట్టుకున్నది వేరే విషయం. బంతి పెట్టె పాడైతే బంతి ఇవ్వదు, బండి నిలిచిపోతుంది, చెడిన సంగతి అందరికీ తెలుస్తుంది. తర్వాత వచ్చిన యంత్రాలు చెడినా పని సాగేలా తయారయ్యాయి. సాగాలి కూడా, లేకపోతే ప్రతి చిన్న లోపానికీ లైనంతా ఆగిపోతుంది. అయితే యంత్రం దించిన బరువు ఆ రాత్రి ఇంజన్లో కూర్చున్న మనుషుల మీద పడింది. బంతి లేదు గనక వాళ్ళను ఆపగలిగింది ఒక నిబంధన మాత్రమే.

ఫ్యాక్టరీలో రింగు ఒకచోట తెగితే ఎవరికీ తెలియదు. అన్నీ నడుస్తుంటాయి. రెండోచోట తెగిన రోజునే గగ్గోలు. మొదటి తెగుడు గురించి స్విచ్ తన లాగ్‌లో ఎప్పుడో రాసే ఉంటుంది. మేనేజ్డ్ అన్న మాటకు అర్థం అది చదివే మనిషి ఒకరున్నారనే కదా. చాలా పారిశ్రామిక స్విచ్‌లకు వెనకో ముందో రెండు చిన్న స్క్రూలుంటాయి. లోపం వస్తే ఎర్ర దీపమో, సైరనో మోగించడానికి పెట్టిన రిలే అది. వైరు ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు. కొత్త ఫ్యాక్టరీ చూడ్డానికి వెళితే నేను ముందు అడిగేది ఆ రెండు స్క్రూలకు ఏమైనా కట్టారా అని.