వరస కట్టింది ఎవరు?

నృత్య చరిత్ర రాసేవాళ్లకి ఒక అలవాటుంది. గుడిగోడ మీద బొమ్మ కనిపిస్తే దాని వెనక శాస్త్రం వెతుకుతారు. మాదిగవాడలో పదిమంది డప్పు కొడుతూ అడుగేస్తే 'జానపదం' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. జానపదమంటే ఎవరూ కట్టనిది, దానంతటదే మొలిచింది అన్నట్టు! సినిమా పోస్టరు మీద కూడా 'నృత్యం' అని రాసి ఎదురుగా ఒక మనిషి పేరు వేస్తారు. డప్పు బృందానికి ఆ పేరు ఎందుకు లేకుండా పోయిందన్నదే మా ప్రశ్న.

ముందు ఆ పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. డప్పు ఎడమ భుజానికి వేలాడుతుంది. ఒక చేతిలో సిర్ర, రెండో చేతిలో సిటికెన పుల్ల. రెండు చేతులూ పనిలోనే ఉంటాయి కాబట్టి శాస్త్రం చెప్పే హస్తముద్రలకి ఇక్కడ చోటు లేదు. చెప్పాల్సిందంతా పాదంతో, నడుముతో, మలుపుతోనే చెప్పాలి. పక్కవాడికి సిర్ర తగలనంత ఎడం ఉండాలి. వరసంతా ఒకవైపు తిరిగేటప్పుడు లోపలి కొసన ఉన్నవాడు ఉన్నచోటనే కాలు కదపాలి, బయటి కొసన ఉన్నవాడు పెద్ద అంగలెయ్యాలి. లేదంటే వరస తెగిపోతుంది. ముందున్న పెద్దమనిషి నోటితో ఏమీ చెప్పడు, దెబ్బ మారుస్తాడు. అది విని మిగతావాళ్లు అడుగు మారుస్తారు. చెమ్మ తగిలి తోలు వదులైతే మోత పడిపోతుంది, మంట దగ్గర కాచుకోవాలి. అంటే ఆట ఎక్కడ ఆపాలో తోలు కూడా నిర్ణయిస్తుంది. ఇంత లెక్క ఉన్నదాన్ని లెక్కలేని ఆట అంటే ఎట్లా?

కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప 1253-54లో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి, నాలుగు దేశికి కేటాయించాడు. పేరిణి, చిందు, గుంపుగా ఆడే రాసకం, కోలాటం అందులో ఉన్నాయి. ఆనాటి జనం ఆటలు చూసి రాసినందుకు ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే రాసినవాడి పేరు మిగిలింది, ఆడినవాళ్ల పేర్లు మిగల్లేదు. ఆ చిందుకీ ఇప్పటి చిందు మాదిగల యక్షగానానికీ పేరు ఒకటైనంత మాత్రాన వంశవృక్షం గీసెయ్యడం మాకిష్టం లేదు. ప్రాచీనత సర్టిఫికెట్టు లేకుండానే చిందు గొప్ప కళ. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకి పద్మశ్రీ 2024లో గానీ రాలేదు.

నటరాజ రామకృష్ణ జాయప గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాల్నీ పట్టుకుని పేరిణిని మళ్లీ కట్టాడు. అది గట్టి కృషి, ఆయన పేరు నిలవాలి కూడా. మా తగువు ఆయనతో కాదు. రాతిలోంచి అడుగు తీస్తే సృజన, తండ్రి కాలు చూసి కొడుకు అడుగు మారిస్తే అలవాటు అనే తూకంతోనే మా తగువు.

అసలు బృందానికి ఆట కట్టడమంటే ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయించడమే కదా! ఊళ్లో ఆ నిర్ణయం డప్పు కొట్టేవాడిది కాదు. దేవుడి ఊరేగింపులో ముందు నడవాలి, గుడి గడప దగ్గర ఆగిపోవాలి. పెద్దకులపోళ్ల శవం ముందు నడవాలి, ఇంటి ముంగిట దూరంగా నిలబడాలి. దెబ్బ వీళ్లది, చోటు వాళ్లది. చావుకి డప్పు కొట్టబోమని దళితులు ఎదురుతిరిగిన ఊళ్లలో ఆ తిరస్కారాన్ని కళాద్రోహమని కొందరు పండితులు బాధపడ్డారు. ఆ బాధ మాకు నవ్వు తెప్పిస్తుంది. వెట్టి మానెయ్యడం కళని మానెయ్యడం ఎట్లా అవుతుంది?

1972లో ఏర్పడ్డ జన నాట్యమండలి డప్పుకి వేదిక ఇచ్చింది. గద్దర్ గోచీ, గొంగడితో, కాళ్లకి గజ్జెలతో ఆడుతుంటే బృందం వెనక వంతపాడేది, మాట మధ్యలో వరస విరిగి మళ్లీ కూడేది. డప్పు మొహం జనం వైపు తిరిగింది. అయితే అక్కడది 'ప్రజల వాద్యం' అయింది, ఏ కులం చేతిదో చెప్పుకోవడం వెనకబడింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు హత్యాకాండలు ఆ మౌనాన్ని పగలగొట్టాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా, ఊరి చాటింపు మాటనే తన పేరుగా పెట్టుకుంది. ఒకప్పుడు ఊరిపెద్దల హుకుం చాటిన డప్పు ఇప్పుడు మాదిగల డిమాండు చాటింది. వెనక్కి నడవమన్నవాళ్లే లేరు, ఊరేగింపే తమదైంది.

ఈమధ్య దశాబ్దాల్లో దళిత స్త్రీలు కూడా డప్పు భుజానికెత్తుకున్నారు. మగవాళ్ల చేతుల్లోనే ఉన్న వాద్యం కాబట్టి అడుగుల్ని వాళ్లు యథాతథంగా తీసుకుంటే సరిపోదు. చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టాలా, కొంగు నడుముకి దోపాలా, అంగ ఎంత వెయ్యాలి, వంగి లేచే అడుగుని ఎట్లా మార్చాలి అని తామే తేల్చుకోవాలి. అట్లా తేల్చుకునే మనిషి ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. పరిశోధకులు టేపురికార్డరు పట్టుకుని వెళ్లినప్పుడు పాట ఎవరిదని అడిగినట్టే, ఈ మలుపు ఎవరిదమ్మా అని కూడా అడగాలి, చెప్పిన పేరు రాసుకోవాలి.