కొలతయు తూనికయు: రాయపూరు ధాన్యము చెప్పు కథ

తెలుగునాట కళ్లములో ధాన్యము కొలుచువారు మొదటి కుంచమును "ఒకటి" అనక "లాభము" అని లెక్కింతురు. శుభమును కోరి పుట్టిన ఆచారమిది. అయినను ఆ లాభము ఎవ్వరిది యను ప్రశ్న చరిత్రలో పలుమారులు తలయెత్తినది. ఏలనగా కొలత వేరు, తూనిక వేరు. రెంటికిని నడుమ నుండునది ధాన్యపు సాంద్రత.

నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి; ఇది మన పూర్వుల లెక్క. రాయపూరు కేంద్రముగా గల ఛత్తీస్‌గఢ మైదానములో "కాఠా" కొలపాత్ర. ఇరువది కాఠాలు ఖండి, ఇరువది ఖండులు గాడా. భాష వేరైనను ఇరువదితో ఎంచు పద్ధతి ఒక్కటే. ఇవన్నియు ధాన్యము ఆక్రమించు చోటును తెలుపునవే గాని బరువును తెలుపునవి కావు.

ఈ భేదమును ప్రాచీనులెరుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రోణమను కొలపాత్రను అందు పట్టు మినుముల బరువును బట్టి నిర్ణయించినది. అందును నాలుగు విధములు కలవు. రాజు ఆదాయమునకు 200 పలముల ద్రోణము, వ్యవహారమునకు 187½, చెల్లింపులకు 175, అంతఃపురమునకు 162½. పుచ్చుకొనునప్పటి పాత్ర పెద్దది, ఇచ్చునప్పటిది చిన్నది!

1891లో నాగపూరు–ఆసన్‌సోలు రైలుమార్గము పూర్తియైనది. 1931లో విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా వచ్చిన మార్గము రాయపూరును తెలుగు తీరముతో కలిపినది. పల్లెలో పాత్రతో కొలిచిన ధాన్యమునకు రైలులో మణుగుల లెక్కన కిరాయి చెల్లింపవలసి వచ్చెను. నలువది సేర్ల ఆ మణుగు నేటి లెక్కలో 37.32 కిలోలు. కొలతను తూనికగా మార్చు నేర్పు అప్పుడు వర్తకునికి పెట్టుబడి యయ్యెను. అది లేని రైతునకు నష్టహేతువయ్యెను.

ఆ నేర్పు గహనమైనది కాదు. ఘనపరిమాణమును సాంద్రతచే గుణించిన బరువు వచ్చును. బరువును సాంద్రతచే భాగించిన ఘనపరిమాణము వచ్చును. పది లీటర్ల పాత్రలో నీరు 10 కిలోలు తూగును. అదే పాత్రలో బియ్యము సుమారు 8 కిలోలు, పొట్టుతో గూడిన ధాన్యము సుమారు 6 కిలోలు మాత్రమే తూగును. గింజల నడుమ గాలియు, పొట్టులోని డొల్లయు ఇందుకు కారణములు.

1956 నాటి తూనికల కొలతల చట్టము ననుసరించి 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు అంచెలంచెలుగా అమలునకు వచ్చెను. మణుగు మరుగుపడినది గాని సాంద్రత మరుగుపడలేదు. 50 కిలోల బియ్యము పట్టు గోనెసంచిలో ధాన్యమును 40 కిలోలుగా నింపుట నేటి ఛత్తీస్‌గఢ ప్రభుత్వ కొనుగోలులో వాడుక. 50ని 0.8చే భాగించిన 62½ లీటర్లు, 40ని 0.6చే భాగించిన 66⅔ లీటర్లు. చోటు దాదాపు ఒక్కటే, బరువు వేరు. తడిసిన ధాన్యమునకు నీటి బరువు చేరును గనుక తేమ నూటికి 17 పాళ్లు మించరాదను కట్టడియు కలదు.

రాయపూరులో 1987లో నెలకొన్న ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయము 20,000కు పైగా వరి వంగడములను భద్రపరచుచున్నది. సన్నగింజ, లావుగింజ, మీసపుగింజ ఒకే పాత్రలో ఒకే బరువు తూగవు. ఒక్క పాత్రతో అందరికి న్యాయము జరుగునని తలచుట పొరపాటు. ధాన్యమేదో, దాని సాంద్రత యెంతో ఎరిగిన రైతునకు కళ్లములోని "లాభము" తన యింటికే చేరును; ఎరుగనివానికది లెక్కలో మొదటి మాటగా మాత్రమే మిగులును.