ఉన్మాద చరిత్ర – తాత్త్విక వాదాలు: నిజామాబాద్ కల్తీ కల్లు ఉదంతం (2015) వెలుగులో పరిశీలన

కీలక పదాలు: ఉన్మాదం, ఫూకో, మనోవైద్య చరిత్ర, కల్తీ కల్లు, ఆర్మూరు, నిజామాబాద్

1. ఉపోద్ఘాతం

ఉన్మాదం దేహంలో పుట్టే వ్యాధా, సమాజం పెట్టిన పేరా అన్న ప్రశ్న ఆరు దశాబ్దాలుగా మనోవైద్య చరిత్రకారుల మధ్య వాదానికి మూలంగా ఉంది. ఈ వాదంలోని ఆధారాలు అధికంగా ఐరోపా నగరాల పిచ్చాసుపత్రుల దస్తావేజులు. పిచ్చాసుపత్రే లేని పల్లెల్లో ఈ వాదాలు ఎంతవరకు నిలుస్తాయి? పసుపు పంటకు పేరొందిన ఆర్మూరు, దాని పరిసర నిజామాబాద్ జిల్లా గ్రామాలు ఈ ప్రశ్నకు తగిన పరీక్షాస్థలం. 2015లో ఈ జిల్లాలో తలెత్తిన కల్తీ కల్లు ఉదంతం ఆధారంగా ఆ వాదాల బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఫూకో వాదం – విమర్శలు

మిషెల్ ఫూకో 1961లో వెలువరించిన ఉన్మాద చరిత్ర గ్రంథం 1656లో పారిస్‌లో ఏర్పడిన జనరల్ ఆసుపత్రిని కీలక ఘట్టంగా చూపింది. బిచ్చగాళ్లను, పనిలేనివారిని, ఉన్మాదులను ఒకే కప్పు కింద బంధించిన ఆ ‘మహానిర్బంధం’తో హేతువు ఉన్మాదం నోరు మూయించిందని ఆయన ప్రతిపాదన. మనోవైద్యం ఆ మౌనంపై నిర్మితమైన ఏకపక్ష సంభాషణ అని ఆయన భావించారు.

ఈ వాదాన్ని ముగ్గురు మూడు వైపుల నుంచి ప్రశ్నించారు. హేతువు భాషలోనే రాస్తూ ఉన్మాదపు మౌనానికి చరిత్ర రాయడం ఎలా సాధ్యమని జాక్ డెరిడా 1963లో అడిగారు. ఇంగ్లండులో పెద్దఎత్తు నిర్బంధం 19వ శతాబ్దపు పరిణామమని రాయ్ పోర్టర్ చూపారు. ఉన్మాదిలోనూ హేతువు మిగిలే ఉంటుందన్న గుర్తింపు నుంచి ఆధునిక చికిత్సాలయం పుట్టిందనీ, అది వెలి కాదు, చేర్చుకోవడమనీ 1980లో గ్లాడిస్ స్వేన్, మార్సెల్ గోషే వాదించారు. ఇంత భేదం ఉన్నా వెలి వేసిందన్నా, చేర్చుకుందన్నా ఈ చరిత్రలకు ఇరుసు ఆ గోడల కట్టడమే.

3. పిచ్చాసుపత్రి లేని సీమ

బ్రిటిష్ పాలిత ప్రాంతాల కోసం చేసిన 1858 నాటి ఉన్మాద ఆశ్రమాల చట్టం నిజాం రాజ్యానికి వర్తించలేదు. కోస్తాలో విశాఖపట్నంలో 19వ శతాబ్దంలోనే పిచ్చాసుపత్రి వెలసింది. నిజాం రాజ్యానికి చెందిన చికిత్సాలయం జాల్నాలో ఉండి, స్వాతంత్ర్యానంతరం హైదరాబాద్ ఎర్రగడ్డకు తరలింది. ఆర్మూరు వంటి ఊళ్లకు రెండూ దూరమే. ఇక్కడ ఉన్మాదం ఇంట్లో, వాకిట్లో, గుడి దగ్గర గడిచింది. తెలంగాణ పల్లె భాష ‘పిచ్చి’, ‘గాలి’, ‘పూనకం’ అని భేదాలు పాటించింది. పూనకం వచ్చిన శివసత్తు మాటను జాతరలో జనం చేతులు జోడించి వింటారు. ఫూకో చెప్పిన మౌనం ఈ సీమకు యథాతథంగా పొసగదు. అయితే ఆ గౌరవం పూనకానికే దక్కింది, ‘పిచ్చి’కి దక్కలేదు. కనుక ఈ గతాన్ని స్వర్ణయుగంగా చిత్రించడమూ సరికాదు.

4. కారణం రాసే చేయి

మత్తుకూ ఉన్మాదానికీ గల సంబంధంపై వలస భారతం ఒక విలువైన పాఠం మిగిల్చింది. గంజాయే పిచ్చికి ముఖ్య కారణమని నాటి ఆశ్రమ లెక్కలు చూపేవి. 1893-94 నాటి గంజాయి విచారణ సంఘం ఆ లెక్కలను తిరిగి పరిశీలించి నమ్మదగినవి కావని తేల్చింది. రోగిని పట్టి తెచ్చిన పోలీసులు పత్రంలో రాసిన కారణాన్నే వైద్యులు తమ పుస్తకంలోకి ఎక్కించేవారు. ఈ దస్తావేజులను జేమ్స్ మిల్స్ 2000లో ప్రచురించిన గ్రంథంలో విశ్లేషించారు. రోగ కారణం పాలనా వ్యవస్థ చేతిలో తయారు కాగలదన్న ఫూకో పక్షానికి ఇది గట్టి ఆధారం.

5. 2015: మందు ముందు, వైద్యం వెనుక

2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమయ్యాయి. ఈత, తాటి చెట్ల కల్లు గిరాకీకి చాలని చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపి అమ్మే వ్యాపారం అప్పటికే వేళ్లూనింది. సరఫరా తగ్గగానే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాది మంది వణుకు, ఫిట్స్, భ్రాంతులు, పొంతనలేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. చూసినవారికి అది పిచ్చి. వైద్యులకు అది మత్తు ఆగినందువల్ల కలిగిన ఉపసంహరణ స్థితి.

ఆ కల్తీ పదార్థాల చరిత్రే ఇక్కడ కీలకం. 1832లో తయారైన క్లోరల్ హైడ్రేట్ 1869 నుంచి నిద్రమందుగా వాడుకలోకి వచ్చి ఐరోపా పిచ్చాసుపత్రుల్లో రోగులను శాంతపరిచే సాధనమైంది. డైజిపామ్ 1963లో, ఆల్ప్రజోలం 1981లో అమెరికా విపణిలోకి వచ్చాయి. మూడూ మనోవైద్య సంచిలోనివే. పిచ్చాసుపత్రి చేరని పల్లెకు దాని మందు మాత్రం చేరింది. గోడలు, వైద్యుడు, రోగి దస్తావేజు ఏవీ లేకుండా, రోజు కూలీ చేసే వారి సాయంకాలపు సీసాలో చేరింది. ఉపసంహరణకు వైద్యులిచ్చేదీ అదే కుటుంబానికి చెందిన మందు, క్రమంగా తగ్గించే మోతాదులో. దుకాణంలో నేరమైనది వార్డులో చికిత్స అయింది.

ఈ ఉదంతం ఇరుపక్షాలనూ ఇబ్బంది పెడుతుంది. గంజాయి లెక్కల వలె ఇది కాగితంపై పుట్టిన కారణం కాదు. మందు ఆగితే మెదడు తిరగబడడం దేహ సత్యం. అలాగని అది కేవలం దేహ సత్యమూ కాదు. చెట్ల కొరత, చవక మత్తుపై ఆధారపడిన శ్రమజీవనం, ఎక్సైజ్ విధానం లేకుంటే ఆ వ్యాధే లేదు. కొన్ని మానసిక స్థితులు ఒక సామాజిక ఆవరణంలోనే బతుకుతాయని ఇయాన్ హాకింగ్ 1998లో చేసిన ప్రతిపాదన ఈ సందర్భానికి ఎక్కువగా సరిపోతుంది. అయితే హాకింగ్ ఉదాహరణల్లో రోగానికి పేరు పెట్టే వైద్యుడు కూడా ఆ ఆవరణంలో భాగం. నిజామాబాద్ పల్లెల్లో ఆ వైద్యుడు సంక్షోభం తర్వాతనే కనిపించాడు.

6. ముగింపు

తెలంగాణ పల్లెల ఉన్మాద చరిత్రను ‘మహానిర్బంధం’ నమూనాలో రాస్తే లేని గోడలను ఊహించవలసి వస్తుంది. ఇక్కడ ప్రధాన సూత్రం బంధించడం కాదు, పట్టించుకోకపోవడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చి, చికిత్స పొందే హక్కును గుర్తించింది. ఫూకో దృష్టిలో ఇది కొత్త ముద్ర. స్వేన్, గోషే దృష్టిలో కొత్త చేర్పు. వణుకుతూ ఆసుపత్రికి వచ్చిన కల్లు బాధితునికి ఆ ముద్ర లేనిదే ఆ హక్కు అందదు. ఈ ప్రాంత చరిత్రకారులు ఆ రెంటినీ విడదీయకుండా చదవాలి. అందుకు పిచ్చాసుపత్రి దస్తావేజులతో పాటు ఎక్సైజ్ దస్త్రాలు, గీత కార్మికుల, కూలీల మౌఖిక కథనాలు కూడా ఆకరాలు కావాలి.