మెకంజీ వెనక నడిచిన ఏలూరు అన్నదమ్ములు

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మద్రాసులో ఒక బొమ్మ గీశాడు. ఎర్ర కోటు వేసుకున్న దొర కల్నల్ కాలిన్ మెకంజీ మధ్యలో ఉంటాడు. చుట్టూ ముగ్గురు మనవాళ్లు. దుర్భిణి పట్టుకున్నవాడు బంట్రోతు కిష్ణాజీ. జైన పండితుడు ధర్మయ్య ఒకరు. తాటాకు పుస్తకంతో ఉన్నది కావలి వెంకట లక్ష్మయ్య అంటారు. వెనక, దూరంగా, కార్కళ గోమటేశ్వరుడు.

పందొమ్మిదో శతాబ్దంలో మన గుళ్లు, శిల్పాలు, కులాచారాల గురించి రాసిన దొరలు కొల్లలు. వాళ్ల పుస్తకాల్లో చూసిందీ విన్నదీ అంతా దొరే. ఊరి కరణంతో మాట కలిపి, ఆ నాలుగు ముక్కలు రాబట్టినవాడి పేరు వెతికినా దొరకదు. మెకంజీ విషయంలో ఆ పేర్లు మిగలడమే విశేషం.

1799లో శ్రీరంగపట్నం పడింది. మైసూరు రాజ్యాన్ని కొలిచి పటం గీసే పని మెకంజీకి అప్పగించారు. నేటి తుమకూరు జిల్లా పావగడ తాలూకా ఆ మైసూరు సీమలోదే. పటంలో చూస్తే పావగడ అనంతపురం వైపుకి చొచ్చుకుపోయి, దాదాపు మూడు దిక్కులా ఆంధ్రానే కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం ఇక్కడ చాలామందికి మామూలే. ఇలాంటి సీమలో గొలుసు పట్టి భూమి కొలవవచ్చు గానీ, భాష రాకుండా ఆ భూమి కథ అడగడం ఎట్లా? మెకంజీకి దేశభాషలేవీ పట్టుబడలేదు.

ఆ లోటు తీర్చింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఈ ముగ్గురిలో పెద్దవాడు బొర్రయ్య 1803లోనే, చిన్న వయసులో పోయాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకు తొలి వాకిలి ఆయనే తెరిచాడని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కి రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. దొరలు అంత మాట అనడం అరుదు. జైనుల గురించి బొర్రయ్య అనువదించిన వ్యాసం 1807లో ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో అచ్చయింది కూడా.

ఈ అన్నదమ్ముల పని తేలికేమీ కాదు. కొలిచేవాళ్లు ఊళ్లోకి వస్తే శిస్తు పెంచుతారనే భయం, ఇనాం కాగితాలు అడిగితే ఆ భూములు ఊడలాక్కుంటారనే అనుమానం. ఊరి చరిత్ర రాసిన కైఫియత్తు ఇమ్మంటే దాచుకునేవాళ్లు. వాళ్లని మెత్తబరచాలి, శాసనం మీద మట్టి కడిగి అక్షరం అక్షరం ఎత్తిరాయాలి.

బొర్రయ్య వ్యాసం అచ్చయిన ఆ తొమ్మిదో సంపుటంలోనే అమరావతి మీద మెకంజీ రాసిన వృత్తాంతం ఉంది. 1790ల చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టించబోయాడు. రాళ్ల కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్విస్తే చెక్కిన పలకలు బయటపడ్డాయి. 1798లో మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. పనివాళ్లను పెట్టి మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. తర్వాత పోయిన పలకలకు ఇవాళ ఆ బొమ్మలే సాక్ష్యం. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర అక్కడే తవ్వించిన పలకలు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో లండన్ చేరాయి. 1867లో పారిస్ ప్రదర్శన కోసం ఫొటోలు వెతుకుతూ జేమ్స్ ఫెర్గూసన్ అనే మరో దొర వాటిని ఒక బండ్ల కొట్టంలో చూశాడు. ఇంత దూరం మోసుకుపోయి కొట్టంలో పడేయడం కళాభిమానమే అయ్యుండాలి!

1821లో మెకంజీ చనిపోయాడు. ఆయన సేకరణలో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు లెక్కకొచ్చాయి. ఈస్టిండియా కంపెనీ ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి కొనేసింది. మిగిలిన పని తాను పూర్తి చేస్తానని లక్ష్మయ్య అడిగాడు. ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ కుదరదన్నాడు. దేశీయుడికి పర్యవేక్షణ అప్పగించడం వాళ్లకు మింగుడుపడలేదు. లక్ష్మయ్య మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ పెట్టుకున్నాడు. అంతకు ముందే, 1829లో, తమ్ముడు రామస్వామి దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో తన సొంత పేరుతోనే పుస్తకం వేశాడు.